అమ్మ మీద పోసిన మడ్డి

కోల్టన్ ఫెర్రీ, పెన్సిల్వేనియా
24 ఏప్రిల్ 1979

అన్నయ్యా,

కూర్చుని చదువు. నువ్వు పన్నెండేళ్ళు కాపురం చేసిన ఆ ఫిల్టర్ ఇక నాది. కొలిమి దగ్గర ఇటుకలు మోసి మోసి నడుము పడిపోతున్న సమయానికి, మురుగునీటి శుద్ధిలో ఖాళీ ఉందని మన ఉక్కు మిల్లులో నోటీసు పెట్టారు. నేనూ, నాతోపాటే పనిలో చేరిన బెర్నీసూ పేర్లిచ్చాం. ఆ కంపులోకి మగవాళ్ళెవరూ రామన్నారట, ఇద్దరికీ వచ్చేసింది. ఫోర్‌మన్ రిట్టర్ మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఇదేమన్నా వంటిల్లనుకున్నారేంటమ్మా" అన్నాడు. బెర్నీస్ ఊరుకుంటుందా. "వంటిల్లయితే ఇంత అసహ్యంగా ఉంచుకోం సార్" అంది. సోమవారం నుంచి పని. నెత్తి మీద కప్పు ఉంది, జీతం కాస్త ఎక్కువ. మా ఆయన స్టీవ్ పోయాక ఇద్దరు పిల్లలతో నాకు ఇంతకంటే ఏం కావాలి.

రెండో సంగతి అమ్మది. మంచు కరిగాక అమ్మ సమాధి బాగా కుంగిపోయింది. కింది వరసలో కొత్త సమాధులన్నీ అంతే. సమాధుల దీవెన ఆదివారంలోగా పూడ్చాలని ఫాదర్ ఒనుఫర్ మిల్లు ఆఫీసుకి వెళ్ళి మట్టి అడిగారు. అడగడమే ఆలస్యం, లారీలు వచ్చి గేటు దగ్గర గుట్టలు పోసి వెళ్ళాయి. ఎంత నల్లటి మట్టో తెలుసా, మెత్తగా, తాతయ్య వదిలి వచ్చిన పాత దేశంలో మన పొలం గురించి చెప్పేవాడే, అలా ఉంది. మన సందు వేసింది కొలిమిలోంచి తీసి పారేసే మిల్లు చిట్టెంతో, బేస్‌బాల్ మైదానం చదును చేసింది మిల్లు చిట్టెంతో. మిల్లు ఊరికే ఇస్తే ఈ ఊళ్ళో కాదన్నవాడెవడు?

ఆడవాళ్ళమంతా తోపుడుబళ్ళతో పోటీలు పడి ఎత్తుకున్నాం. ముసలి జుజానాకి ఎనభై దాటినా తన మొగుడి సమాధికి తనే పోసుకుంది, ఎవరినీ పార ముట్టనివ్వలేదు. అమ్మ మీద నేను నా చేత్తో పోసి, గుండ్రంగా సవరించి, చుట్టూ బంతిమొక్కలు నాటాను. ఆదివారం ఫాదర్ వచ్చి నీళ్ళు చల్లి దీవించారు. ఎప్పటిలాగే సమాధుల మధ్య దుప్పట్లు పరుచుకుని గుడ్లూ పండగ రొట్టే తిన్నాం. నీ వంతు గుడ్డు నేనే తిన్నాను, అడగొద్దు.

ఫిల్టర్ గురించి నీకు తెలిసిందంతా రాయి. రిట్టర్ చెప్పడు, చెప్పినా నేను నమ్మను.

నీ ల్యూబా


వెస్ట్ కార్బన్, ఒహాయో
6 మే 1979

ల్యూబా,

నేను నవ్వలేదు గానీ డోరీన్ నవ్వింది. "మీ చెల్లెలు మీకంటే బాగా చేస్తుంది చూడండి" అంది. కట్టుకున్నవాళ్ళు ఇచ్చే గౌరవం ఇలా ఉంటుంది.

సరే, విను. రేకులు సాగదీసే చోటు నుంచి వచ్చే నీళ్ళలో నూనె, పాలలో వెన్నలాగ కలిసిపోయి ఉంటుంది. ఆసిడ్ పోసి విరగ్గొడతారు. పైకి తేలిన నూనె తీసేస్తారు. సున్నం పోస్తే మిగిలిన మురికి అడుక్కి దిగుతుంది. శుద్ధి అంతటితో అయిపోయిందని ఆఫీసులో కూర్చున్నవాళ్ళు అనుకుంటారు. నీ పని అక్కడే మొదలు. ఆ అడుగున దిగిన మడ్డిలో ఎక్కువ భాగం నీళ్ళే, నూనె కూడా ఇంకా ఉంటుంది. ఆ నీళ్ళను పీల్చేసి గట్టి మడ్డిని వేరు చేయడానికే ఆ ఫిల్టర్ డ్రమ్ము. దాని మీద తెల్లమన్ను అరచెయ్యంత మందాన పట్టించి ఉంటుంది. డ్రమ్ము తిరుగుతూ లోపల్నుంచి పీలుస్తుంటే మడ్డి పైన పొరగా అంటుకుంటుంది. కత్తి ఆ పొరనీ, దానితోపాటు కాస్త తెల్లమన్నునీ గీకి కింద పడేస్తుంది. కత్తి ఎప్పుడూ ముందుకు జరుగుతూనే ఉండాలి. తెల్లమన్ను మిగుల్చుదామని కత్తి ఆపితే నూనె ఆ మన్నును మూసేస్తుంది. ఇక డ్రమ్ము పీల్చదు. వచ్చేది మడ్డి కాదు, జావ.

తెల్లమన్ను అరిగిపోయినప్పుడు ఆపి, కడిగి, మళ్ళీ పట్టించు. సగం షిఫ్టు పోతుంది, పోనీ. మడ్డిని పిడికిట్లో పిసికి చూడు. పెళ్ళలా విరిగితే లారీకి ఎత్తు. వేళ్ళ సందుల్లోంచి కారితే ఎత్తకు.

అన్నట్టు, సమాధుల తోటకి మట్టి తెచ్చిన లారీలు మిల్లు ఏ గేటు నుంచి వచ్చాయో నీకు తెలుసా? ఏం లేదు, ఊరికే అడిగాను. బంతిమొక్కలు ఈ ఏడాదికి తీసెయ్, గడ్డి చాలు. పూడ్చాక చేతులు బాగా కడుక్కున్నావు కదా.

మెతోద్


కోల్టన్ ఫెర్రీ
17 జూన్ 1979

అన్నయ్యా,

చేతులు కడుక్కున్నావు కదా అని ఎందుకు అడిగావో ఇప్పుడు అర్థమైంది. నా ఉత్తరం చదవగానే నీకు అనుమానం వచ్చింది. వచ్చినవాడివి ఒక్క ముక్క సూటిగా రాస్తే నీ సొమ్మేం పోయేది?

నువ్వు చెప్పినట్టే పని నేర్చుకున్నాను. కత్తి జరుపుతాను, పిడికిట్లో పిసికి చూస్తాను. నేను అటు తిరగ్గానే రిట్టర్ వచ్చి కత్తి ఆపేస్తాడు. "తెల్లమన్ను మీ పుట్టింటి నుంచి తెస్తున్నావా, అలా తగలేస్తున్నావ్?" అంటాడు. జావ కారుతోంది, డ్రమ్ము ఆపి కడుగుదాం అంటే వినడు. కొలిమి బూడిద తెప్పించి ఆ జావలో కలిపిస్తాడు, పల్చనైన పిండిలో మళ్ళీ పిండి పోసి కలిపినట్టు. తడంతా బూడిదలో దాక్కుంటుంది. అప్పుడది చూడ్డానికి నల్లగా, మెత్తగా, మంచి మట్టిలా ఉంటుంది.

మొదటిసారి ఆ గుట్ట చూడగానే గుర్తుపట్టాను. దాన్ని నేను ఇంతకు ముందు ఎత్తాను, తోపుడుబండిలో తోశాను, పారతో గుండ్రంగా సవరించాను. లారీ డ్రైవర్ని, "ఇది ఎక్కడికి పోతుంది?" అని అడిగాను. "ఎవరు అడిగితే వాళ్ళకే. డంపుకి తోలితే మిల్లు డబ్బు కట్టాలి, ఊళ్ళోవాళ్ళకైతే ఊరికే పోద్ది. ఏప్రిల్లో మీ చర్చికి తోలింది నేనేగా. ఫాదర్ నాకు రొట్టె కూడా పెట్టాడు" అన్నాడు. పాపం, వాడికేం తెలీదు.

ఆ వారం వానలు పడ్డాయి. షిఫ్టు దిగి నేరుగా అమ్మ దగ్గరికి వెళ్ళాను. బంతిమొక్కలు మాడి నల్లబడ్డాయి. సమాధి పక్కన నిలిచిన నీళ్ళ మీద రంగురంగుల జిడ్డు. నా బూటు అడుగు పడ్డ చోటల్లా నూనె ఊరింది. వంగి వాసన చూశాను. నా పని బట్టల వాసన. అమ్మ బతికినన్నాళ్ళూ వారానికోసారి నాన్న బట్టల్లోంచి ఆ జిడ్డు వదిలించలేక చేతులు పగలగొట్టుకుంది కదా. ఇప్పుడు ఆ జిడ్డునే మోసుకెళ్ళి ఆమె గుండెల మీద పోశాను, పైన పూలు కూడా నాటాను. నాకు ఏడుపు రావడం లేదు అన్నయ్యా, ఒళ్ళు మండిపోతోంది.

నువ్వు ఇక్కడ ఉన్నప్పుడు యూనియన్ తరఫున ఎన్నిసార్లు పోట్లాడావో ఊరంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎవరి దగ్గరికి వెళ్ళాలో, ఏమని అడగాలో చెప్పు. నాకు నష్టపరిహారం వద్దు, క్షమాపణలు వద్దు. ఆ మడ్డిని అమ్మ మీద నుంచి తీసేయాలి, మంచి మట్టి పోయాలి. నాకు కావలసింది అదొక్కటే.

ల్యూబా


వెస్ట్ కార్బన్
28 జూన్ 1979

ల్యూబా,

నీ బాధ నాకు అర్థం కాదనుకోకు. ఆమె నాకూ అమ్మే.

కానీ ముందు నిదానంగా ఆలోచించు. ఆ మడ్డిలో ఉన్నది నూనె, ఇనుప పొట్టు, సున్నం. విషం కాదు. నేను పన్నెండేళ్ళు మోచేతుల దాకా దాంట్లోనే ఉన్నాను, ఏమైంది నాకు? రెండు చలికాలాలు గడిస్తే జిడ్డు దానంతటదే ఇంకిపోతుంది. పైన నాలుగు వేళ్ళ మందం మంచి మట్టి చల్లి గడ్డి వేయించు, నేను డబ్బు పంపుతాను.

రిట్టర్ మంచివాడని నేను అనను. కానీ వాడు ఒక్కడే చేసే పని కాదిది. తెల్లమన్ను ఎందుకింత ఖర్చయిందని, ఫిల్టర్ ఎందుకు ఆగిందని మాకు పైనుంచి ప్రతివారం అడుగుతారు. జవాబు చెప్పుకోవడం ఎంత కష్టమో ఆ చోట నిలబడ్డవాడికే తెలుస్తుంది. నువ్వు చేరి ఏడాది కూడా కాలేదు. నోరు చేసుకుంటే మళ్ళీ ఇటుకల దగ్గరికి తోస్తారు, లేదా ఇంటికే పంపుతారు. ఇద్దరు పిల్లలు ఉన్నారు నీకు. ఫాదర్ గారితో మాట్లాడు, ఆయన మెల్లగా చెబితే మిల్లువాళ్ళు వింటారు. నువ్వు మాత్రం ముందుకు రాకు.

మెతోద్


కోల్టన్ ఫెర్రీ
15 జూలై 1979

మెతోద్ హ్రాబ్‌చాక్ గారికి,

మీ సలహా ప్రకారం ఫాదర్ గారితో మాట్లాడాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అమ్మా ల్యూబా, మన హాలు పైకప్పు వేయించింది మిల్లు. ఆ మట్టికి నేను వేదిక మీద నిలబడి ధన్యవాదాలు చెప్పాను. ఇప్పుడు వెళ్ళి మీ దానం మాకొద్దని ఎలా అనను? ఆత్మకి నూనె అంటదు తల్లీ" అన్నారు. "ఆత్మకి అంటదు ఫాదర్, మా అమ్మ చీకటి పడేదాకా ఉతికి ఆరేసుకున్న ఆ ఒక్క మంచి గౌనుకి అంటుతుంది. దాంట్లోనే పాతిపెట్టాం" అన్నాను. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

రిట్టర్‌నీ అడిగాను, అందరి ముందే అడిగాను. "పోయినవాళ్ళేమన్నా ఫిర్యాదు చేశారా?" అన్నాడు. నలుగురు నవ్వారు. బెర్నీస్ నా చెయ్యి పట్టుకోకపోతే ఆ రోజు పార వాడి నెత్తి మీద పడేది.

ఇక అసలు సంగతికి వస్తాను. జూలై నాలుగు స్వాతంత్ర్య దినం సెలవులకి బెర్నీస్ తమ్ముడు వచ్చాడు. వాడు పనిచేసేది వెస్ట్ కార్బన్ మిల్లులోనట. నా పుట్టింటి పేరు వినగానే, "హ్రాబ్‌చాకా? మా నీళ్ళ ప్లాంట్ ఫోర్‌మన్ మ్యాట్ హ్రాబ్‌చాక్ మీకేమవుతాడు?" అన్నాడు. నేను చేతిలో బంగాళదుంపల సలాడ్ గిన్నెతో నిలబడిపోయాను. ఏమవుతాడో నాకే తెలియలేదు.

ఫోర్‌మన్ల తెల్ల టోపీ పెట్టుకున్నావన్నమాట. మన ఇంట్లో నాన్న దాన్ని తిట్టుగా వాడేవాడు, గుర్తుందా? కుక్క మాట వినకపోతే "తెల్ల టోపీ వెధవా" అనేవాడు. పోయిన అక్టోబరు నుంచే పెట్టుకున్నావట. అమ్మ నవంబరులో పోయింది. "ఫోర్‌మన్ సెలవు ఇవ్వలేదు, అంత్యక్రియలకి రాలేను" అని తంతి కొట్టావు. సెలవు ఇవ్వని ఆ ఫోర్‌మన్ నువ్వేనా? అమ్మ శవపేటిక మోయడానికి కొడుకు భుజం లేక బెర్నీస్ మొగుడు వచ్చి మోశాడు. నల్లవాడు మన చర్చిలోకి అడుగు పెట్టడం ఏంటని గొణిగినవాళ్ళని నేను ఒక్కదాన్నే నిలబడి నోరు మూయించాను.

"మాకు పైనుంచి అడుగుతారు" అని రాశావు. ఆ ముక్క దగ్గరే నేను ఆగాల్సింది. అన్నయ్యే కదా అని చదువుకుంటూ పోయాను. నమ్మితే నట్టేట ముంచావు. నువ్వు నాకు సలహా ఇచ్చింది అన్నగా కాదు, రిట్టర్‌కి అన్నగా.

ఒక్కటే అడుగుతున్నాను. నీ డ్రమ్ము కింద పడే మడ్డి ఎక్కడికి పోతోంది?

ల్యూబా


వెస్ట్ కార్బన్
29 జూలై 1979

ల్యూబా,

నువ్వు అన్నవన్నీ పడ్డాను. అంత్యక్రియల మాట వదిలెయ్.

కానీ నువ్వూ ఒకటి తెలుసుకో. నాకిప్పుడు యాభై రెండు. మోకాళ్ళు పోయాయి. ఆ నిచ్చెన ఎక్కి డ్రమ్ము కడగలేను. టోపీ ఇస్తామన్నప్పుడు డోరీన్ ఏడ్చింది, సంతోషంతో. నీకు చెప్పకపోవడానికి కారణం నాన్న మాటలు నీ నోట మళ్ళీ వినాల్సి వస్తుందనే. విన్నాను కదా, చాలా?

ఇక్కడా అంతే. నేను వచ్చేటప్పటికే అలా నడుస్తోంది. కత్తి ఆపమన్నది నేను కాదు, నడవనివ్వమని ఒకటి రెండుసార్లు చెప్పి చూశాను. సూపరింటెండెంట్ ఒకటే అన్నాడు: "మ్యాట్, నీకు టోపీ బరువుగా ఉంటే చెప్పు." తర్వాత చెప్పడం మానేశాను. లోడు బయటికి పోవాలంటే నా సంతకం కావాలి. పెడుతున్నాను.

నీ ప్రశ్నకి జవాబు కూడా రాస్తాను, రాయకపోతే బెర్నీస్ తమ్ముడు చెప్తాడు. కొత్త బడి వెనకాల పల్లం పూడుస్తున్నారు, ఆటస్థలం కోసం. వాళ్ళే వచ్చి అడిగారు. మంచి మట్టి అని మెచ్చుకున్నారు కూడా.

నన్ను తిట్టు. కానీ నీ ఉద్యోగం పోగొట్టుకోకు. నువ్వు ఒక్కదానివి ఏం చేస్తావు?

మెతోద్


కోల్టన్ ఫెర్రీ
16 సెప్టెంబరు 1979

అన్నయ్యా,

ఒక్కదాన్నే కాదు.

నీ ఉత్తరం చదివి నెలరోజులు నీకు జవాబు రాయలేదు. ఆ బడి ఆటస్థలం రోజూ గుర్తొచ్చేది. తర్వాత ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక హాలు వంటింట్లో క్యాబేజీ ఆకుల్లో కూర పెట్టి చుట్టలు చుడుతుంటే, అందరూ ఉండగా జుజానాకి చెప్పేశాను. మీ ఆయన మీద మీరు పోసింది మట్టి కాదు పెద్దమ్మా, మిల్లు మడ్డి, నేను పనిచేసే చోట నుంచి వచ్చిందే అన్నాను. ఆమె చేతిలో చుట్ట పూర్తిచేసి, గిన్నెలో పెట్టి, చేతులు తుడుచుకుంది. "నాకు ఎనభై మూడు. నన్నెవడు ఉద్యోగంలోంచి తీసేస్తాడో చూస్తా" అంది.

నిన్న శనివారం పొద్దున్నే సమాధుల తోటకి వెళ్ళాం. ఆడవాళ్ళమే, పారలూ బకెట్లూ పట్టుకుని. పిల్లల ఆట బండి కూడా తెచ్చింది ఒకావిడ. బెర్నీస్ మాత్రం తన మొగుణ్ణి కూడా తీసుకొచ్చింది. ఎవరి సమాధి వాళ్ళు తవ్వుకున్నాం. అమ్మ మీద ఉన్నదాన్ని నేను మొదట పారతో తీశాను, మన అసలు పసుపు మట్టి తగిలాక చేతులతో గీశాను. తడి ఇంకా ఆరలేదు. ఐదు నెలలైనా పిడికిట్లో పిసికితే వేళ్ళ సందుల్లోంచి కారింది. రెండు చలికాలాల్లో ఇంకిపోతుందని రాశావు నువ్వు.

మధ్యలో ఫాదర్ ఒనుఫర్ వచ్చారు. గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. మమ్మల్ని ఆపుతారనుకున్నాను. లోపలికి వచ్చి, నా బకెట్లో వేలు ముంచి, ఆ వేలు చూసుకుని వెళ్ళిపోయారు. పార పట్టలేదు. కాసేపటికి చర్చి ట్రక్కు తాళాలు పంపించారు.

అదంతా ఆ ట్రక్కులో వేసుకుని మిల్లు పెద్ద గేటుకి తోలుకెళ్ళాం, షిఫ్టు మారే సమయానికి. ఆఫీసు ముందు ఎర్రపూలు వేసి కంపెనీ పేరు రాసుకున్నారు కదా, సరిగ్గా ఆ మడిలో పోశాం. దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు అందరూ ఆగి చూశారు. ఎవరూ నవ్వలేదు. రిట్టర్ పరుగెత్తుకొచ్చి, "ఏంటిది, ఏంటిదంతా?" అన్నాడు. జుజానా ట్రక్కు దిగడానికి వాడి చెయ్యే పట్టుకుని దిగింది. "మీరిచ్చిందే నాయనా. మా ఇంటాయన తీసుకోనన్నాడు" అంది.

నన్ను సోమవారం నుంచి రావొద్దన్నారు, విచారణ అయ్యేదాకా. బెర్నీస్‌ని కూడా. ఉద్యోగం మిగులుతుందో లేదో తెలియదు. యూనియన్ ఆఫీసులో కుర్రాడు పోట్లాడతానంటున్నాడు, ఒకప్పుడు నువ్వు పోట్లాడినట్టు. పిల్లలు భయపడుతున్నారు. నేనూ భయపడుతున్నాను, అబద్ధం ఎందుకు. కానీ అన్నయ్యా, నిన్న నాకు ఆకలేసింది, కడుపు నిండా తిన్నాను. జూన్ నుంచి అలా తినలేదు.

ఇవాళ మంచి మట్టి వచ్చింది. బెర్నీస్ మామగారు తన మొక్కజొన్న చేలోంచి తెచ్చాడు. అమ్మ మీద పోసి వచ్చాను.

ఇంకొక్కటి చెప్పాలి. అమ్మ తనకోసం చోటు కొనుక్కున్నప్పుడు పక్కనే నీకూ ఒకటి కొంది. "వాడు ఎక్కడ పనిచేసినా చివరికి పరాయి మట్టిలో ఉండకూడదు" అని. నీకు చెప్పొద్దంది, చెబితే నవ్వుతావని. ఏప్రిల్లో అమ్మది పూడ్చినప్పుడు ఆ ఖాళీ చోటు కూడా పల్లంగా ఉందని నేనే దాని మీదా పోశాను. నిన్న అన్నీ తవ్వడం అయ్యాక జుజానా పారతో అటు చూపించి, "ఇదెవరిదే ల్యూబా? ఇదీ తీసేద్దామా, ఓపిక ఉంది" అంది.

వద్దన్నాను. అది మా అన్నయ్యది పెద్దమ్మా, ఉండనీ అన్నాను. వచ్చి తవ్వుకుంటే తవ్వుకుంటాడు, లేకపోతే దాని కిందే పడుకుంటాడు.

ల్యూబా